శుక్రారం కనకవ్వ వంతు

రాయికల్‌ల నర్సవ్వ ఇంటి వసారల పొద్దుగాల ఎనిమిదింటికే ఆరు చాటలు పడుతయి. రాత్రి నానవెట్టిన తునికాకును తడి గోనెసంచిల సుట్టుకొని ఆడోళ్ళు ఒక్కొక్కలే అత్తరు. అచ్చుడు అచ్చుడే ముచ్చట్లు షురూ. ఎవలింట్ల ఏం కూర, ఎవలి మొగడు దుబాయి నుంచి ఫోన్ జేసిండు, ఎవలి కోడలు ఎవలితోని మాట్లాడుతలేదు. మనిషికి వెయ్యి బీడీలు. పొద్దుమీకంగ కార్ఖానల అప్పజెప్పాలె. ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు వోసి చుట్టుడు, దారం గట్టుడు, మూతి ముడుసుడు. చెప్పుతె నాలుగు మాటలే. ఇర్వై ఏండ్లు చేసినోళ్ళ మణికట్టు నడుగుతె అది వేరే కత జెప్తది.

అయితే కత్తెర ముట్టకముందు ఇంకో పని ఉంటది. ఆ దినం ఎవలి వంతైతే ఆమె కుడిచెయ్యి సాపుతది. మిగిలిన ఐదుగురు తలా ఒక పోగు బీడీ దారం తెంపి ఆమె మణికట్టుకు గడుతరు. ముడి వడంగనే కట్టినామె నొప్పి దారం వెంట పొయ్యి వంతామెకు చేరుతది. ఆమె అవ్వో అనుకుంట సాప మీద ఒరుగుతది. ఐదుగురు మెడలు తిప్పుకొని, చేతి ఏళ్ళు ఇరుసుకొని, చాటలు ముంగటేసుకుంటరు. పండుకున్నామె వెయ్యి బీడీలు గుడ ఆళ్ళే తలా రెండు వందలు పంచుకొని చేత్తరు. పొద్దుమీకినంక కత్తెరతోని దారాలు తెంపుతె ఎవలి నొప్పి ఆళ్ళ వెంట ఇంటికి పోతది. సోమారం నర్సవ్వ, మంగళారం మరియమ్మ, బుధారం బేస్తారం లస్మయ్య కోడండ్లు ఇద్దరు, శుక్రారం కనకవ్వ, శనారం శాంత. ఐతారం కార్ఖాన బందు, దారాలు గుడ బందు. ఆ ఒక్కనాడు ఎవలిది ఆళ్ళే మోసుకుంటరు. రాయికల్‌ల గిది ఎవలికీ వింత గాదు. తాళ్ళెక్కేటోళ్ళకు చెట్ల వంతు లేదా, గిదీ గంతే.

వంతుకు రెండే కట్టుబాట్లు. మొదటిది, మొయ్యనోళ్ళ ముడి నిలువది. అందరు పల్లకి ఎక్కుతె మోసెటోళ్ళెవలు? ఓయేడు కనకవ్వకు టైఫాయిడ్ అచ్చిందని నెల దినాలు ఆమెను వంతుల నుంచి తప్పిచ్చిండ్రు. ఆ నెలంత ఆమె గట్టిన దారం ఎవలి చేతి మీదనన్న నిలువలే, జారి కింద వడ్డది. రెండోది, మొయ్యలేని దినం తన బదులు ఇంటి మనిషిని మొయ్యనియ్యచ్చు. ఇంటి మనిషంటే రక్తమే కానక్కర లేదు, ఒక్క పొయ్యి మీద తినేటోళ్ళు ఎవలైనా సరే. నర్సవ్వ జ్వరానవడితే బిడ్డ మోసింది. మరియమ్మకు మొగడు దేవదాస్ రెండుసార్లు మోసి, ఆడోళ్ళ కొలువు నాతోని గాదని దండం వెట్టిండు. కనకవ్వకు మాత్రం ఆ పొయ్యి కాడ ఇంకో మనిషి లేదు. పిల్లలు కాలే. మొగడు చంద్రయ్య ఇర్వై రెండేండ్ల కింద తాటిచెట్టు మీదికెల్లి పడి సచ్చిపోయిండు.

ఆ యేడే ఆమెకు నొప్పి మొదలైంది. మిగిలినోళ్ళ నొప్పులకు జాగలున్నయి. నర్సవ్వకు మణికట్టు, మరియమ్మకు నడుము, కోడండ్లిద్దరికి మెడ, శాంతకు భుజం. కనకవ్వ నొప్పికి జాగ లేదు. ఒళ్ళంత. కోరుట్లల సూపిచ్చింది, జగిత్యాలల సూపిచ్చింది, కరీంనగర్‌ల పెద్ద మిషన్ల పండవెట్టి ఫోటోలు దీసిండ్రు. ఏం లేదన్నరు. ఒకాయిన అది నీ మనసుల ఉన్నదన్నడు. "మనసుల ఉంటె మోకాళ్ళెందుకు గుంజుతయయ్యా?" అని అడిగింది కనకవ్వ. ఆయిన నిద్ర గోలీలు రాసిచ్చి ఇంకొకలను పిలిసిండు.

గీ వసారలకు శ్రావణ మాసంల ప్రేమలత అచ్చింది. సిరిసిల్ల పిల్ల, ఇర్వై నాలుగేండ్లు, బాపు మరమగ్గాల సాంచెలు నడుపుతడు. డిగ్రీ అయినంక రెండేండ్లు ఖాళీగుండి, ఇంట్ల మాటలు వడీ వడీ, గీ కొలువు దొరికిచ్చుకున్నది. బీడీలు చేసేటోళ్ళ తీరని నొప్పుల మీద పట్నం డాక్టర్లు పరిశోధన వెట్టిండ్రు. జగిత్యాలల దానికి సతీశ్ డాక్టర్ పెద్ద. ప్రేమలత అక్కడనే హాస్టల్ల ఉండి, ఊర్లు తిరిగి గోలీలియ్యాలె, నొప్పి బుక్కులు సూడాలె. పని మంచిగ జేత్తె రెండో విడతకు పట్నంల పర్మనెంట్ జేత్తమన్నరు. ఇంటికాడ ఆ మాట చెప్పి అచ్చింది. ఇగ ఆ మాట నిలువకపోతే ఇంటికి పొయ్యే మొకం లేదు.

"గోలీలు రెండు రకాలక్కా," అని వసారల కూసోని ఇగురంగ చెప్పింది. "ఒకటి మందు, ఇంకోటి ఉత్త పిండి. ఎవలికి ఏది అచ్చిందో మీకు తెల్వది, నాకు తెల్వది, మా సార్‌కు గుడ తెల్వది."

నర్సవ్వ కత్తెర ఆపింది. "తెల్వకుంట ఎట్ల ఇత్తరే తల్లీ? బీడీల తంబాకు వోసినమో లేదో తెల్వదంటే కార్ఖానాయిన ఊకుంటడా మమ్ముల?"

ప్రేమలత బుక్కు తెరిసింది. ఒక్కొక్క పేజిల సున్న నుంచి పది దాక గీత. సున్న కాడ నవ్వే మొకం, పది కాడ ఏడ్సే మొకం. దినాం పొద్దుమీకకముందు ఎంత నొప్పున్నదో ఆ గీత మీద గుర్తు వెట్టాలె. "సున్న అంటె నొప్పి లేదు. పది అంటె మీరు ఊహించుకోగలిగినంత నొప్పి," అని కాయిదం సూసి సదివింది.

కనకవ్వ తలకాయెత్తింది. "నువ్వు ఊహించుకున్నవా బిడ్డా?"

"నాకేం నొప్పుంటదవ్వా. నేను అడిగేదాన్ని."

"గట్లనా," అని కనకవ్వ మల్ల బీడీలల్ల వడ్డది.

పదిహేనొద్దులకు ప్రేమలత ఆ బుక్కులు జగిత్యాలకు పట్టుకపోయింది. సతీశ్ డాక్టర్ ఆరింటిని బల్ల మీద పరిసి సూసిండు. సూసుకుంట సూసుకుంట కండ్లద్దాలు తీసి పక్కకు వెట్టిండు.

"ఐదుగురికి సున్న, ఒక్కరికి నాలుగు. తెల్లారి ఆ నాలుగు ఇంకొకరికి. ఆ తెల్లారి మరొకరికి. ఆదివారం అందరికి, వారం తిరిగేవరకు మల్ల మొదటామెకు. నొప్పేమన్న డ్యూటీ చేస్తున్నదా ప్రేమలతా? హాస్టల్ల కూసోని నువ్వే రాసినవు గదా?"

"ఒట్టు సార్. ఆళ్ళే గీసిండ్రు."

"అయితే పొయ్యి కనుక్కో. ఈ విడత ఆఖరు శుక్రవారం నేనే వస్త. అప్పుడు గుడ లెక్కలు గిట్లనే ఉంటే పట్నం లిస్టుల నీ పేరు రాయను."

ఆమె ఆ మాపటి బస్సుకే రాయికల్ అచ్చి పడ్డది. వసారల శాంత సాప మీద మూలుగుతున్నది. ఇన్నొద్దులు గా సాప మీద ఎవలో ఒకలు ఉండుడు సూసి ప్రేమలత జ్వరాలనుకున్నది. నర్సవ్వను అడిగితే నర్సవ్వ నవ్వింది. "వంతు గదనే. నీకు చెప్పలేదా మేము?" అని దారాల ముచ్చట రెండు మాటలల్ల చెప్పింది. ప్రేమలతకు పానం నిమ్మళమైంది. నొప్పులు చేతులు మారుతయంటె ఆమెకేం వింతనిపియ్యలే. సిరిసిల్లల ఆమె పెద్దమ్మ తన చెల్లె కాన్పు నొప్పి సగం మోసిందని చిన్నప్పటి నుంచి ఇన్న ముచ్చటే. అయితే ఇంకో అనుమానం అచ్చింది.

"మరి గోలీలు ఎవలివి ఆళ్ళే మింగుతుండ్రు గదా?"

ఆరుగురు మొకాలు మొకాలు సూసుకున్నరు.

"నొప్పి లేనోళ్ళు గోలి మింగి ఏం జేత్తరు చెల్లె?" అన్నది సాప మీదికెల్లి శాంత. "ఎవలి వంతైతె ఆమెకే ఇత్తున్నం, అందరియి."

"ఆరు గోలీలు? ఒక్కసారే?"

"నీళ్ళతోనే మింగుతున్నం," అన్నది మరియమ్మ, తప్పు నీళ్ళ కాడ జరిగిందేమో అని.

ప్రేమలత లేసి ఒక్కొక్కలను నాలుక సూపియ్యుమన్నది, కండ్లు సూసింది, కడుపుల మంటున్నదా అని అడిగింది. ఎవలికీ ఏం గాలే. "మంచి మందే చెల్లె," అన్నది నర్సవ్వ. "మింగుతె పొద్దంత నిద్ర. గందుకే నాలుగు కాడ గీసినం. లేకుంటె మాది పదే." ప్రేమలత చేతులు జోడిచ్చి, పేగులు ఖరాబైతయని బెదిరిచ్చి, ఇగ మీద ఎవలి గోలి ఆళ్ళే మింగాలెనని ఒట్టు వెట్టిచ్చుకున్నది. మరియమ్మ బైబిల్ మీద, మిగిలినోళ్ళు ఎల్లమ్మ మీద. సోమారం నుంచి నాలుగు పొయ్యి పది అచ్చింది. "నీ మాటిని మా నాలుగు పదాయె," అని నర్సవ్వ ఎన్నొద్దులో దెప్పింది.

ఐతారం ఫోన్ల సతీశ్ డాక్టర్‌కు వంతుల సంగతి చెప్తే ఆయిన గోలీల కాడ తిట్టిండు గని వంతుల కాడ ఏమనలే. "సరే గని, దానికి ఫారంల గడి లేదు గదా," అన్నడు.

తెల్లారి ప్రేమలత బ్యాగు వట్టుకొని బస్టాండుకు పోతే బస్సు లేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. రెండు మూడొద్దులల్ల తీరుతదన్నరు. కనకవ్వ ఆమె చేతుల నుంచి బ్యాగు గుంజుకున్నది. "నా ఇంట్ల ఉండు బిడ్డా. ఒక్కదానికి పొయ్యి ముట్టిచ్చుడు నాకు గుడ ఇసుగైతున్నది." రెండు మూడొద్దులు వారమాయె, వారం నెలాయె. అడ్డరోడ్డు మీద పొయ్యిలు వెట్టి వంటలు వండిండ్రు. బతుకమ్మలు గుడ రోడ్డు మీదనే ఆడిండ్రు. కరెంటు గంటకోసారి పోవట్టె. సిరిసిల్లల సాంచెలు ఆగినయని బాపు ఫోన్ జేసి, "నీ కొలువన్న ఉన్నది గదా బిడ్డా," అన్నడు. బీడీలకు మాత్రం సమ్మె లేదు. కరెంటు అక్కర లేని పని, కూసోని చేసే పని, ఎవలికీ కనవడని పని. గోలీలు అయిపోయినయి. జీపుల పంపినమని జగిత్యాల ఆఫీసోళ్ళు అన్నరు. ఆ జీపు ఏ ఊరి రోడ్డు మీద ఆగిపోయిందో, రాయికల్‌కైతే రాలే. ప్రేమలత ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ జేసి చెప్పింది.

నడుమ ఒకనాడు రాస్తారోకోల పోలీసోళ్ళు ఉరికిచ్చిండ్రు. శాంత ఉరుకుట్ల పడి కాలు మడత వడ్డది. చీలమండ కుండంత వాసింది. ఆ కాలు నొప్పి గుడ దారాల వెంట తిరుగవట్టె. అందరూ పండ్లు కొరుక్కొని మోసిండ్రు. శుక్రారం కనకవ్వ మోసింది.

ఐదో ముడి వడంగనే ఆమె సాప మీద ఒరుగలే, కూలింది. పెదాలు నల్లగైనయి. ఊపిరి ఆగి ఆగి రావట్టె. నర్సవ్వ కత్తెర అందుకొని ఐదు దారాలు ఒక్కసారే తెంపింది. ఎవలి నొప్పి ఆళ్ళ మీద అచ్చి పడితే వసారంత ఓసారి మూలిగింది. ఆర్ఎంపీ సారయ్య ఉరికచ్చి చెయ్యి పట్టి సూసి, "పెద్దమనిషి గుండెల బలం లేదు. ఇంకోసారి గిట్లైతే నాతోని గాదు," అన్నడు. బస్సు లేదు, రోడ్లన్ని బందు, జగిత్యాల దవఖాన ఇర్వై కిలోమీటర్లు.

ఆమె మంచినీళ్ళు తాగి లేసి కూసున్నంక నర్సవ్వ మెల్లగ అన్నది. "అత్తా, ఇగ నిన్ను వంతుల నుంచి తీసేత్తం."

"తీసేత్తె నా ముడి నిలువది. నాది దినాం నా మీదనే ఉంటది. ఉంచుతె శుక్రారం ఒక్కనాడే సస్త," అన్నది కనకవ్వ. "నన్ను అడుగుతె ఒక్కనాడే నయ్యం."

ప్రేమలత ఆ దినం బుక్కుల ఏం రాయాలెనో తెల్వక ఊరికే పట్టుకొని కూసున్నది. మొదటిసారి ఆమెకు ఆ నవ్వే మొకం, ఏడ్సే మొకం సూత్తె కోపమచ్చింది.

ఆ తర్వాతి శుక్రారం దసరా తెల్లారి. పండుగని చాటలు వెయ్యలే. కనకవ్వ బతికిపోయింది. ఆ పైన శుక్రారమే సతీశ్ డాక్టర్ అచ్చేది. "బండి మీద పదకొండింటికల్ల వస్త," అని ముందునాడు ఫోన్ జేసిండు. "బుక్కులు పట్టుకొని పద్ధతిగ నిలవడు. పట్నం లిస్టు నా జేబులనే ఉన్నది."

పొద్దుగాల ఎనిమిదింటికి చాటలు వడ్డయి. కనకవ్వ అచ్చి, సాప పరుసుకొని, కుడిచెయ్యి సాపింది. ఎవలూ దారం తెంపలే. శాంత అటు మొకం తిప్పుకున్నది. లస్మయ్య కోడండ్లు ఆకు మూట ఇప్పినట్టే ఇప్పి మల్ల కట్టిండ్రు.

ప్రేమలత పొయ్యి కనకవ్వ పక్కన కూసోని, ఆమె చెయ్యి మీద తన చెయ్యి వెట్టింది.

"అవ్వ వంతు ఇయ్యాల నేను మోత్త."

"నీకేమన్న దయ్యం వట్టిందా?" అన్నది శాంత. "మీ సార్ అత్తడు ఇయ్యాల. నిన్ను సాప మీద సూత్తె నీ కొలువు ఉంటదా?"

"నెల దినాలాయె అవ్వ పొయ్యి మీద తినవట్టి. ఇంటి మనిషినా కాదా?"

కనకవ్వకు కోపమచ్చింది. "పరాయోళ్ళ పిల్లవు. ఒంటి మీద ఈగ వాలితె తెల్వని వయసు. నీకేమన్న అయితే మీ అవ్వకు నేనేం జవాబు జెప్పాలె? చెయ్యి తియ్యే!"

ప్రేమలత చెయ్యి తియ్యలే. అందరు నర్సవ్వ దిక్కు సూసిండ్రు. నర్సవ్వ కత్తెర కింద వెట్టి కనకవ్వ దిక్కు తిరిగింది.

"అత్తా, అబద్ధమాడకు. పొయ్యి ఒక్కటేనా?"

కనకవ్వ తల వంచుకున్నది. "ఒక్కటే."

"అయితే నీ చెయ్యే తియ్యి."

ఒక్కొక్కలే అచ్చి కట్టిండ్రు. ప్రేమలతకు అలవాటు గదా, లోపల్లోపల నంబర్లు ఏసుకున్నది. నర్సవ్వ మణికట్టు అచ్చింది, మూడు. మరియమ్మ నడుము అచ్చింది, ఐదు. కోడండ్ల మెడలు రెండు ఒక్క తీరుగనే ఉన్నయి, ఏడు. శాంత భుజం, దాని ఎంబడి కాలు. తొమ్మిది అనుకున్నది. కండ్లల్ల నీళ్ళు కారవట్టినయి గని ఇంకా మనిషిగనే ఉన్నది, నంబరు ఏసుకునే తెలివి ఉన్నది. ఆఖరుకు కనకవ్వ కట్టింది. ముడి రెండుసార్లు తప్పింది. మూడోసారి వడ్డది.

దానికి ప్రేమలత నంబరు ఏసుకోలే. అది ఒక జాగకు రాలే, అన్ని జాగలకు ఒక్కసారే అచ్చింది. ఎముకలల్ల, చర్మం మీద, గోర్ల కింద, ఆఖరుకు కూసున్న సాప ఒత్తుకున్న కాడ గుడ. కరీంనగర్ మిషన్ల ఏం లేదన్న నొప్పి. మనసుల ఉన్నదన్న నొప్పి. గిది పెట్టుకొని ఐతారం ఐతారం గీ ముసలామె బట్టలు పిండిందా, నాకు కూర వండిందా అని ప్రేమలతకు దుఃఖమచ్చింది. ఆ తర్వాత దుఃఖపడే సందు గుడ దొరుకలే.

కనకవ్వ మాత్రం లేసి నిలవడ్డది. శుక్రారంనాడు తన కాళ్ళ మీద తను నిలవడి ఎన్నేండ్లయిందో ఆమెకే యాదికి లేదు. కొంగుతోని కండ్లు తుడుసుకొని చాట ముంగటేసుకున్నది. పిల్లవి వెయ్యి బీడీలు ఎవలికీ పంచనియ్యలే. "నేను ఒక్కదాన్నే జేత్త," అన్నది.

సతీశ్ డాక్టర్ పదకొండింటికి అత్తనన్నోడు ఒంటిగంటకు అచ్చిండు. అడ్డరోడ్డు కాడ బండి ఆపి, జై తెలంగాణ అనిపిచ్చి, పులిహోర తినిపిచ్చి గాని ఇడువలేదట. చేతులు కడుక్కొని పనిల వడ్డడు. ఒక్కొక్కలి మణికట్టు ఒత్తిండు, మెడ తిప్పిచ్చిండు, చేతులవెట్టి పిసికే మిషన్ ఇచ్చి ముల్లు ఎంతదాక పోతదో సూసిండు. కనకవ్వ పిసికితే ముల్లు ఆయిన అనుకున్నదానికంటే మీదికి పోయింది. ఇప్పుడెంత నొప్పున్నదో గీయుండ్రని బుక్కులిచ్చిండు. ఆరుగురు గీసిండ్రు. సున్న. సున్న. సున్న. సున్న. సున్న. సున్న.

ఆయిన ఆరు బుక్కులు రెండుసార్లు తిరుగేసిండు. పదిని ఎతికిండు. ఏడా లేదు. మొకం చాటంత అయింది.

"వంతు లేదు ఏం లేదు, మందు అన్నిటిని గెలిసింది!" అన్నడు. "ఈ జిల్లల ఎక్కడ గిట్ల రాలే. ప్రేమలత ఏది?"

మూలకు సాప మీద కనవడ్డది. "అయ్యో, జ్వరమా? ప్రేమలతా, నేను నిన్ను తప్పుగ అనుకున్న. జ్వరం తగ్గంగనే పట్నం బయలెల్లు. నీ పేరు మొదట రాస్తున్న, సూడు." జేబులకెల్లి లిస్టు తీసి, పెన్ను మూత తీసిండు.

వసారల కత్తెరలు ఆగినయి. కనకవ్వ నోరు తెరువబోతే ప్రేమలత కండ్లతోనే వద్దన్నది. సరే సార్ అంటె అయిపోతది. బాపుకు ఫోన్ జేసి చెప్పచ్చు. దారం కొంగు కింద దాసుకుంటె ఆ డాక్టర్‌కు జన్మల తెల్వది. ఆమె కాడ ఒక్క మాటకు సరిపోయేంత ఊపిరి ఉన్నది. ఏ మాటకు ఖర్చు వెట్టాలెనో ఆమె ఆలోచన జేసుకున్నది.

"గోలీలు అయిపొయ్యి... ఇర్వై దినాలు సార్," అన్నది.

డాక్టర్ పెన్ను ఆగింది. "జీపుల పంపిచ్చినమన్నరు గదా?"

"రాలే. మూడుసార్లు... ఆఫీసుల చెప్పిన."

ఆయిన బుక్కుల దిక్కు సూసిండు. సాప దిక్కు సూసిండు. అప్పుడు కనవడ్డయి ఆమె మణికట్టు మీద ఆరు ముడులు. తెలివితక్కువోడేం గాదు. అక్కడనే గడప మీద కూసున్నడు. "వంతా?" అన్నడు నర్సవ్వతోని.

"వంతే," అన్నది నర్సవ్వ.

కొంచెంసేపటికి ప్రేమలత మల్ల ఊపిరి కూడదీసుకున్నది. "సార్, నాకో బుక్కు ఇయ్యుండ్రి."

"బుక్కు పేషెంట్లకు. పేషెంట్ అని రాస్తె స్టాఫ్ లిస్టులకెల్లి పేరు తీసెయ్యాలె. రూలు ఎరుకే గదా నీకు?"

"ఎరుకే సార్. మరి ఇయ్యాలటి పది ఏడ రాయాలె?"

సతీశ్ డాక్టర్ సంచిలకెల్లి కొత్త బుక్కు తీసిండు. ఆమె చేతి ఏళ్ళు పెన్ను పట్టేటట్టు లేవు. ఆయినే సాప పక్కన కూసోని రాసిండు.

"పేరు ప్రేమలత. వయసు?"

"ఇర్వై నాలుగు."

"నొప్పి ఎన్నేండ్ల నుంచి?"

ఆరు బుక్కుల మొదటి పేజీలు ఆమె చేతితోని రాసినయే, అన్నీ నోటికచ్చు. కనకవ్వయి ఇర్వై రెండు, నర్సవ్వయి పదకొండు, మరియమ్మయి తొమ్మిది, కోడండ్లయి ఆరూ ఆరు, శాంతయి ఏడు. కండ్లు మూసుకొని కలుపుకున్నది.

"అరవై ఒకటి," అన్నది.

డాక్టర్ అట్లనే రాసిండు. వయసు ఇర్వై నాలుగు, నొప్పి అరవై ఒక్క యేండ్లు. కొట్టెయ్యలే. గీత కాడికి అచ్చినంక పెన్ను ఆమె చేతుల వెట్టి, చెయ్యి కింద తన చెయ్యి ఆనిచ్చిండు. పది కాడ ఆమెనే గీసింది. ఆ తర్వాత ఆయిన లిస్టు తీసి పేరు కొట్టేసిండు. మొకం పక్కకు తిప్పుకొనే కొట్టేసిండు.

పొద్దుమీకేదాక ఆయిన పోలే. ఐదున్నరకు నర్సవ్వ కత్తెర అందుకున్నది. దారాలు తెంపంగనే శాంత కుంటుకుంట లేసింది, మరియమ్మ నడుము పట్టుకున్నది, కోడండ్లు మెడలు ఒక్క దిక్కే ఒంచిండ్రు. కనకవ్వ తనది తనకు అచ్చినంక మోకాళ్ళు పట్టుకొని మెల్లగ సాప మీద కూసున్నది. పక్కనున్న ప్రేమలత తలను నిమిరింది.

"ఎంతున్నదే బిడ్డా?"

ప్రేమలతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే అచ్చినయి. "కాయిదం మీద పది దాకనే ఉన్నదవ్వా."

కనకవ్వ తలూపింది. ఇర్వై రెండేండ్ల నుంచి ఆ మాట ఇంకొకలి నోట ఇందామనే ఆమె దవఖానలన్ని తిరిగింది.

సోమారం బస్సులు నడిసినయి. పరిశోధన లెక్కలల్ల నుంచి రాయికల్ ఆరు బుక్కులు తీసేసిండ్రు. ఏడోది సతీశ్ డాక్టర్ ఎవలికీ ఇయ్యకుంట తన బల్ల అరల వెట్టుకున్నడట. కనకవ్వ ప్రేమలత బ్యాగు సర్ది, సక్కినాల మూటొకటి దాంట్ల వెట్టి, "పో బిడ్డా, మీ అవ్వ ఎదురు సూత్తది," అని బస్సెక్కిచ్చింది. కొలువు పోయిన సంగతి సిరిసిల్లల ఎట్ల చెప్పిందో, బాపు ఏమన్నడో, ఆ ముచ్చట ఆమె ఎవలికీ చెప్పలే. రాష్ట్రం అచ్చిన్నాడు కనకవ్వ బతికే ఉన్నది, అడ్డరోడ్డు దాక నడిసిపొయ్యి జెండ సూసి అచ్చింది. గని అది తర్వాతి ముచ్చట.

ఆ బేస్తారం పొద్దుమీకి కనకవ్వ పొయ్యి ముట్టిచ్చి, ఒక్కదానికే బియ్యం కడుగుతున్నది. తెల్లారితె శుక్రారం. చానొద్దులకు ఆమెకు భయమైతున్నది. సావుకు గాదు, ఆ సాపకు. జగిత్యాల బస్సు హారన్ ఇనవడ్డది. కొంచెంసేపటికి గడపల చెప్పులు ఇడిసిన సప్పుడైంది.

"అన్నం అయిందా అవ్వా?" అన్నది ప్రేమలత.

కనకవ్వ ఎనుకకు తిరిగి సూడలే. కుండల చెయ్యి వెట్టి ఇంకో పిడికెడు బియ్యం గిన్నెల వోసింది.